6013 రాడ్డా, 7018 రాడ్డా? రాయగడ, గుణుపురం వెల్డింగ్ పనులకు ఏది తీసుకోవాలి

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు హార్డ్‌వేర్ షాపుకెళ్లి నంబరు చెప్పకుండా "రాడ్డు ప్యాకెట్ ఇవ్వండి" అంటే చేతికొచ్చేది 6013 రకం వెల్డింగ్ రాడ్డు. గేట్లు, గ్రిల్లులు, రేకుల షెడ్లు, ట్యాంకు స్టాండ్లు అన్నీ దానితోనే లేస్తాయి. వీటికి అది చాలు, మార్చాల్సిన పనిలేదు. ఇబ్బంది ఎక్కడంటే, అదే రాడ్డుతో ట్రాక్టర్ ట్రాలీ హుక్కునూ, కల్టివేటర్ ఫ్రేమునూ, బరువులెత్తే కొక్కేలనూ కూడా అతికేస్తున్నారు. అదిరే చోట, బరువు లాగే చోట 7018 వాడాలి. అయితే దానికి పొడిగా ఉండే చోటు కావాలి, తగిన మిషను కావాలి. ఆ రెండూ లేకుండా కొంటే డబ్బు దండగ.

ముందు 6013 సంగతి. దీనిది రుటైల్ (టైటానియం ఖనిజం) పూత కాబట్టి ఆర్క్, అంటే రాడ్డు మొన దగ్గర పుట్టే మంట, తేలిగ్గా అంటుకుంటుంది, ఆరిపోయినా మళ్లీ వెంటనే పడుతుంది. పాత ఏసీ ట్రాన్స్‌ఫార్మర్ మీదా, చిన్న ఇన్వర్టర్ (డీసీ ఇచ్చే వెల్డింగ్ మిషను) మీదా నడుస్తుంది. 12 నంబర్ రాడ్డుకి, అంటే 2.5 మి.మీ.కి, 60 నుంచి 90 ఆంపియర్లు; 10 నంబర్ 3.15 మి.మీ.కి 90 నుంచి 130. పదహారు గేజ్ స్క్వేర్ పైపుకి 2.5 రాడ్డు 60 దగ్గర పెట్టి, ఇన్వర్టర్ అయితే హోల్డర్‌ను మైనస్‌కి తగిలించి, నిలువు అతుకును పైనుంచి కిందికి లాగితే చిల్లు పడదు. పద్దెనిమిది గేజ్‌కి 2 మి.మీ. రాడ్డు తీసుకుని ముక్కముక్కలుగా కుట్టుకుంటూ పోవాలి.

దీని లోపం స్లాగ్, అంటే పూత కరిగి అతుకు మీద కట్టే పెంకు. ఆంపియర్ తగ్గినా, రాడ్డును నిటారుగా పట్టినా స్లాగ్ ముందుకు పాకి రాడ్డు మొన కిందికి వచ్చేస్తుంది. ఆర్క్ దాని మీద తేలుతుందే తప్ప కింది ఇనుమును కరిగించదు. పైన బీడ్ (అతుకు గీత) నున్నగా, అందంగా కనిపిస్తుంది. గ్రైండర్ పెట్టి ఒక పొర తీస్తే లోపల నల్లటి గీతలు బయటపడతాయి. పది ఆంపియర్లు పెంచి, రాడ్డును నడిచే దిక్కుకు పది పదిహేను డిగ్రీలు వాల్చి, ఆర్క్ కురచ చేస్తే స్లాగ్ వెనక్కి పోతుంది. రెండో పొర వేసే ముందు చిప్పింగ్ సుత్తితో, వైర్ బ్రష్‌తో మూలల్లో ఏమీ మిగలకుండా తీయాలి. "స్లాగ్ మళ్లీ కరిగిపోతుందిలే" అనుకోవద్దు, ఆ మూలల్లోనే ఇరుక్కుపోతుంది.

7018 అతుకు సాగే గుణం ఎక్కువ, పగుళ్లు తక్కువ. ఎందుకంటే, ఏ రాడ్డుకైనా పూతలోని తేమ ఆర్క్ వేడికి విడిపోయి హైడ్రోజన్ అవుతుంది, అది అతుకులోకీ పక్క ఇనుములోకీ చేరుతుంది. దళసరి ప్లేట్ల మీద, గట్టి ఉక్కు మీద అతుకు చల్లారిన కొన్ని గంటల తర్వాత దాని పక్కనే సన్నగా చీలుతుంది. దీన్ని ఆపడానికే 7018కి తేమ అతి తక్కువగా ఉండే పూత పెట్టారు. ఆ పూతకు తేమ పట్టించాక మామూలు రాడ్డుకీ దానికీ తేడా ఏముంటుంది? నాగావళి, వంశధార పక్క ఊళ్లలో జూన్ నుంచి అక్టోబరు దాకా గోడలే చెమరుస్తుంటాయి. విప్పిన ప్యాకెట్‌ను అలమరలో పెట్టి వారం తర్వాత వాడడం వల్ల లాభం లేదు. విప్పాక నాలుగు గంటల్లోపు వాడేయాలి, లేదా వంద డిగ్రీలు దాటిన ఓవెన్‌లో ఉంచాలి. తేమ పట్టినదాన్ని ప్యాకెట్ మీద రాసిన వేడిలో మళ్లీ కాల్చాలి. సాధారణంగా 260 నుంచి 350 డిగ్రీల మధ్య, రెండు గంటలు. ఎండలో ఆరబెట్టడం, బల్బు పెట్టిన చెక్కపెట్టె దీనికి చాలవు. ఆ పెట్టె 6013ని పొడిగా ఉంచడానికి పనికొస్తుంది. 6013కి తేమ పడితే 100 నుంచి 120 డిగ్రీల్లో గంట చాలు. జేకేపూర్ పేపర్ మిల్లు, తెరుబలి ఫెర్రో అల్లాయ్స్ వైపు కాంట్రాక్టు పనులు చేసినవాళ్లకు ఓవెన్ కొత్త కాదు. షాపు పెట్టుకున్నవాళ్లు మాత్రం ఆ పనికి ఎంత కావాలో అంతే, చిన్న ప్యాకెట్, సీలు చెదరనిది కొనుక్కోవడం మంచిది. విప్పిన ప్యాకెట్‌ను సగం ధరకు ఇచ్చినా 7018 తీసుకోకండి.

తేమ పట్టిందని ఎలా తెలుస్తుందంటే, పూత మీద తెల్లటి పొడి తేలుతుంది, ఆర్క్ చిటపటమంటూ తుంపర్లు చిమ్ముతుంది, బీడ్ మీద సూదిబెజ్జాలు పడతాయి. పూత వంగి పగిలిన రాడ్డును ఆరబెట్టినా లాభం లేదు, పడేయాల్సిందే.

7018ని నడిపే తీరు వేరు. ఇన్వర్టర్‌లో హోల్డర్ ప్లస్‌కి పోవాలి. ఏసీ ట్రాన్స్‌ఫార్మర్ అయితే ఓపెన్ సర్క్యూట్ వోల్టేజి (ఆర్క్ పుట్టకముందు మిషను ఇచ్చే వోల్టేజి) కనీసం 70 ఉండాలి. లేకపోతే ఆర్క్ ఆరుతూనే ఉంటుంది, తప్పు రాడ్డుది కాదు. 3.15కి 110 నుంచి 130 ఆంపియర్లు. మొన ఇనుముకు దాదాపు ఆనినట్టే ఉండాలి. ఆర్క్ పొడవైతే గాలి చొరబడి బెజ్జాలు వస్తాయి. మొదలుపెట్టేటప్పుడు అతుకు చోటికి ఒక సెంటీమీటరు ముందు ఆర్క్ పుట్టించి, వెనక్కి వచ్చి, మళ్లీ ముందుకు పోతే ఆ మొదటి బెజ్జాలు కరిగిపోతాయి. సగంలో ఆపితే మొన మీద గాజులాంటి పెంకు కడుతుంది. దాన్ని ఆకురాయి మీద మెల్లగా రుద్దాలి. నేలకేసి కొడితే పూత ఊడి, తర్వాతి ఆర్క్ అడ్డదిడ్డంగా పోతుంది.

ఏ రాడ్డైనా ఆర్క్ ఒక పక్కకే వాలుతుంటే హోల్డర్‌లో రాడ్డును సగం చుట్టు తిప్పి చూడండి. వాలు రెండో పక్కకు మారితే పూత మధ్యలో లేని రాడ్డు, ప్యాకెట్ తిరిగిచ్చేయండి. ఎటు తిప్పినా అటే వాలుతుంటే అది డీసీలో వచ్చే ఆర్క్ బ్లో, అంటే అయస్కాంత బలం ఆర్క్‌ను పక్కకు నెట్టడం. ఎర్త్ క్లాంప్ చోటు మార్చాలి.

పైపులో 2.5 మి.మీ. రాడ్డే మేలు. రెండంగుళాల మీడియం క్లాస్ పైపు మందం 3.6 మి.మీ.; రెండు అంచులనూ 30 డిగ్రీలు గ్రైండ్ చేసి, లోపలి అంచు మిల్లీమీటరున్నర వదిలి, పూత తీసేసిన 2.5 రాడ్డు తీగను మధ్యలో పెట్టి సందు కొలవండి. నాలుగు వైపులా టాక్ (కదలకుండా పట్టే చిన్న అతుకు) వేసి, టాక్ కొసలను గ్రైండర్‌తో పలచన చేయాలి, లేకపోతే రూట్ పొర (సందు అడుగున వేసే మొదటి పొర) అక్కడే అతుక్కోకుండా ఎగిరిపోతుంది. పైపు పడుకుని ఉంటే అడుగున మొదలుపెట్టి 70, 75 ఆంపియర్లతో పైకి రండి, రెండో సగం కూడా అడుగునుంచే. 6013తో నీళ్ల పైపుకి సరిపోతుంది. ఆవిరి, గ్యాస్ లైన్లకు దీన్ని వాడకండి, అక్కడ లిఖితపూర్వక పద్ధతి ప్రకారమే పోవాలి.

జీఐ (జింకు పూత వేసిన) పైపైతే అతుకుకు అటూఇటూ అంగుళం మేర జింకు గ్రైండ్ చేయాలి. తీయకపోతే బెజ్జాలతో పాటు తెల్లటి పొగ, రాత్రికి చలిజ్వరం. పాలు తాగితే విరుగుతుందన్న నమ్మకం షాపుల్లో ఉంది, దాన్ని నమ్ముకోవద్దు. గాలి వీచే వైపు వీపు పెట్టి, ఆరుబయట చేయండి.

పెద్ద పైపులైన్లలో రూట్‌కి వాడే 6010 గురించి అడిగేవాళ్లున్నారు. దానికి డీసీ ప్లస్ కావాలి, చాలా చిన్న ఇన్వర్టర్లు దాన్ని పట్టుకోలేవు. పైగా దాని పూతలో కొంత తేమ ఉండి తీరాలి, 7018తో కలిపి ఓవెన్‌లో పెడితే చెడిపోతుంది.