ఐఆర్‌సీ: స్లాష్ ముందు ఖాళీ వదలకండి

2013లో బెంగళూరు మారతహళ్ళిలో పీజీలో ఉండగా ఐఆర్‌సీ (ఇంటర్నెట్ రిలే చాట్) అనే అక్షరాల చాట్ మొదలుపెట్టాను. అక్కడి వైఫై మీద పదిహేను మందిమి పడి ఉండేవాళ్ళం. రాత్రి తొమ్మిదయితే వీడియో గిర్రున తిరుగుతూ కూర్చునేది, ఐఆర్‌సీ మాత్రం టకటకా నడిచేది. 1988లో ఫిన్లాండ్‌లో యార్కో ఓయికరినెన్ తయారుచేసిన పద్ధతి ఇది. ఉత్త అక్షరాలు తప్ప ఏమీ మోయదు, అందుకే ఏ డొక్కు నెట్‌కైనా సరిపోతుంది.

కొత్తవాళ్ళు కమాండ్ల పట్టిక చూసి బెదిరిపోతారు. ఇన్నేళ్ళలో నేను రోజూ వాడింది ఓ అరడజను. పేరు పెట్టుకోవడానికి /నిక్, చానెల్ అనే చాట్ గదిలోకి వెళ్ళడానికి /జాయిన్, బయటికి రావడానికి /పార్ట్, మొత్తానికే సెలవు తీసుకోవడానికి /క్విట్. ఒక్కరితోనే మాట్లాడాలంటే /ఎంఎస్‌జీ, విసిగించేవాడి నోరు మనవరకూ మూయించడానికి /ఇగ్నోర్. ఇవన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి, చానెల్ పేరు ముందు # మర్చిపోకూడదు. మొదటిరోజు /లిస్ట్ మాత్రం కొట్టకండి. నేను కొట్టాను. పెద్ద సర్వర్‌లో ఉన్న చానెళ్ళన్నీ వరదలా వచ్చిపడ్డాయి.

అసలు తంటా ముందుండే ఆ / గుర్తుతోనే, అంటే స్లాష్‌తోనే. లైను మొదటి అక్షరం స్లాష్ అయితేనే అది కమాండ్. దానిముందు ఒక్క ఖాళీ పడినా చాలా క్లయింట్లలో (ఐఆర్‌సీ వాడే యాప్‌లలో) మామూలు మాటగా చానెల్‌లోకి వెళ్ళిపోతుంది. మన పేరును ఇంకొకరు వాడకుండా నిక్‌సర్వ్ అనే పేర్ల కాపలా సేవలో రిజిస్టర్ చేసుకుంటాం కదా, ఓ రాత్రి నిద్రమత్తులో దానికి పంపాల్సిన పాస్‌వర్డ్‌ను రెండొందల మంది ఉన్న చానెల్‌లో పరిచేశాను. కొట్టింది వెనక్కి తీసుకునే వీలు ఐఆర్‌సీలో లేదు. ఆ టెన్షన్‌లోనే పాస్‌వర్డ్ మార్చాను. ఇప్పుడు ఎస్ఏఎస్ఎల్ అనే లాగిన్ పద్ధతి పెట్టుకున్నాను, కనెక్ట్ అయ్యేటప్పుడే గుర్తింపు అయిపోతుంది. పోర్టు కూడా 6697 వాడండి, అందులో మాటల్ని దారిలో ఎవరూ చదవకుండా టీఎల్‌ఎస్ రక్షణ ఉంటుంది. పాత 6667లో మామూలుగా ఉండదు.

తెలుగువాళ్ళకి ఇంకో చిక్కుంది. ఒక సందేశం మొత్తం 512 బైట్లు దాటకూడదు, అందులో మన పేరూ చానెల్ పేరూ కూడా కలుస్తాయి. ఇంగ్లిష్ అక్షరం ఒక బైటు. మన 'కి' ఒక్కటే 6, 'క్ష్మి' అయితే 18. నాలుగు వాక్యాలు మురిపెంగా రాస్తే చివర తోక తెగిపోతుంది. కొన్ని క్లయింట్లు తామే ముక్కలుచేసి పంపుతాయి, అన్నీ కాదు. మా తెలుగు ముఠా చిన్న చిన్న లైన్లలో మాట్లాడటం అలా అలవాటు చేసుకుంది.

ఆఫీసులో అనంతపురం కుర్రాడు ఒకడికి నేర్పించాను. వాడి ప్రశ్నకు పైథాన్ చానెల్‌లో ఐదు నిమిషాలు ఎవరూ పలకలేదు.

"అన్నా, ఇది చచ్చిపోయినట్టుంది" అని /క్విట్ కొట్టేశాడు.

నలభై నిమిషాలకు జవాబు వచ్చింది, అదీ కోడ్‌తో సహా. కాపీ చేసి వాట్సాప్‌లో వాడికి పంపాల్సి వచ్చింది. అక్కడి జనంలో చాలామంది యూరప్, అమెరికా వాళ్ళు. మనకు పొద్దున పది అంటే వాళ్ళలో చాలామంది నిద్రలో ఉంటారు. "ఒకటి అడగొచ్చా?" అని కూడా అడక్కండి, నేరుగా ప్రశ్న వేసి పనిచూసుకోండి.

మనం లేనప్పుడు జరిగిన మాటలు మామూలుగా మనకు దొరకవు, నాకు నచ్చనిది ఇదే. అద్దె సర్వర్‌లో స్క్రీన్ అనే ప్రోగ్రాం కింద ఇర్సీ అనే క్లయింట్ నడుపుతూ ఆ లోటు తీర్చుకుంటున్నాను. కరెంటు పోయినా నా పేరు చానెల్‌లో అలాగే ఉంటుంది. ఫోన్‌లో మాత్రం సుఖం లేదు, యాప్ పక్కకు వెళ్తే చాలాసార్లు కనెక్షన్ తెగుతుంది.

2021 మేలో ఫ్రీనోడ్ అనే ఐఆర్‌సీ నెట్‌వర్క్ సిబ్బంది బయటికొచ్చి లిబెరా చాట్ అనే కొత్త నెట్‌వర్క్ పెట్టినప్పుడు నేనూ మూట సర్దుకున్నాను. సర్వర్ చిరునామా మార్చి, పేరు మళ్ళీ రిజిస్టర్ చేసుకున్నాను. కమాండ్లు అవే.

ఇంటివాళ్ళతో మాట్లాడటానికి ఇది ఎవరికీ చెప్పను. లినక్స్ తెరమీద అర్థంకాని ఎర్రర్ వచ్చినప్పుడు మాత్రం నా చెయ్యి ముందు ఇటే పోతుంది. ఆ అనంతపురం కుర్రాడు ఇప్పుడు /క్విట్ కొట్టడు, 'సీట్లో లేను' అని చెప్పే /అవే పెట్టి టీకి వస్తున్నాడు.