డాబా మీద తోట కిట్: ఏడాదిన్నర వాడాక నా మాట

2023 జూలైలో టమాటా కిలో వంద దాటింది గుర్తుందా? ఆ కోపంలో నెట్‌లో కొన్న కిట్ ఇది. ధర 4,800 రూపాయలు. కంపెనీ పేరు చెప్పను. ఇలాంటివి పది దొరుకుతాయి, అన్నింట్లోనూ ఇంచుమించు ఇవే సామాన్లు: ఇరవై గ్రో బ్యాగులు (మొక్కలు పెంచే సంచులు), ఐదు కిలోల కోకోపీట్ ఇటుకలు నాలుగు, కాస్త వర్మీ కంపోస్టు, వేపపిండి, పన్నెండు రకాల విత్తనాలు, ఒక చిన్న పుస్తకం. పెట్టె మీద 'ఇక కూరగాయలు కొనే పనే లేదు' అని రాసుంది. ఆ ఒక్క ముక్క లేకపోతే నేనింత పొడుగు రివ్యూ రాసేదాన్ని కాదు.

మాది విజయవాడ, సత్యనారాయణపురం. పుట్టిల్లు పామర్రు దగ్గర. అక్కడ మా తమ్ముడు సొంతం రెండెకరాలు, కౌలుకి ఇంకో పదెకరాలు వరి చేస్తాడు. కాబట్టి మట్టంటే తెలియనిదాన్ని కాను. కానీ డాబా మీద పెంచడం వేరే విద్య.

ముందు సంచుల సంగతి. అవి బాగున్నాయి, వంక పెట్టడానికి లేదు. పదిహేను అంగుళాల ఎత్తు, పదిహేను వెడల్పు, ఎండకి తట్టుకునే హెచ్‌డీపీఈ అనే గట్టి ప్లాస్టిక్ గుడ్డ. బెజవాడ మే నెల ఎండకి కూడా పొట్టు రాలలేదు. తడిసిన మట్టితో ఒక్కోటి నలభై కిలోలదాకా బరువు ఉంటుంది, అందుకని అన్నీ గోడల వెంబడే పెట్టాను.

గొడవంతా లోపల పోసేదాని దగ్గరే. పుస్తకంలో కోకోపీట్, కంపోస్టు కలిపి విత్తనం పెట్టేయమన్నారు. కోకోపీట్ కొబ్బరిపీచు పొట్టు. నీళ్ళు పట్టి ఉంచుతుంది, అంతే. దానిలో మొక్క తినడానికి పెద్దగా ఏమీ ఉండదు. పైగా ఉప్పు ఉంటుంది, రెండు మూడుసార్లు నీళ్ళు మార్చి కడిగి వాడాలి. ఆ మాట పుస్తకంలో ఎక్కడా లేదు. నా మొదటి వంగ నారు ఆకుల చివర్లు మాడిపోయాయి, మిగిలినవి రెండో నెలకి పసుపెక్కాయి. ఫోన్ చేస్తే నెలకోసారి పోయాల్సిన 'న్యూట్రియెంట్' సీసా కొనమన్నారు, 350 రూపాయలట. ఈ సంగతి చెబితే తమ్ముడు పడీపడీ నవ్వాడు. "ఏంటక్కా, ఇరవై సంచులకే మందుల కొట్టులో ఖాతా తెరిచావా?"

వాడన్నది నిజమే. విత్తనం వాళ్ళదే, బలం మందు వాళ్ళదే, పురుగొస్తే మళ్ళీ వాళ్ళ దగ్గరికే పోవాలి. పన్నెండెకరాలకి వాడు పడే బాధంతా నా రెండు సెంట్ల డాబా మీదికి పార్సిల్లో వచ్చింది. ఆ సీసా నేను కొనలేదు. తమ్ముడు ఊరి నుంచి మట్టి, బాగా మాగిన దిబ్బ ఎరువు ఆటోలో వేసి పంపాడు. సగం మట్టి, పావు ఎరువు, పావు కడిగిన కోకోపీట్ కలిపాను. పదిహేను రోజుల్లో ఆకు రంగు మారింది.

విత్తనాలు మరీ అన్యాయం. జూలైలో బెజవాడలో చలికాలం పంటలు: క్యాబేజీ, క్యారెట్, బ్రకోలీ! మొలిచిన క్యారెట్ చిటికెనవేలంత ఊరింది. టమాటా మాత్రం బాగా కాసింది, ఒప్పుకోవాలి. అయితే మా కాయ ఎరుపెక్కేసరికి రైతుబజార్లో కిలో ఇరవై, పాతికకి దిగింది. ఆ పండ్ల గింజలే దాచి మరుసటేడు వేస్తే ఒక చెట్టుకి గుండ్రాలు, ఒకదానికి కోలవి, ఒకదానికి గోలీలంతవి కాశాయి. హైబ్రిడ్ గింజ రెండోసారి తల్లిలా రాదు, అది దాని గుణం. వంటలో వేసుకోవడానికి ఏ ఆకారమైతేనేం అనుకోండి, కాపు కూడా సగానికి పడిపోయింది.

తోట నిలబడింది మా అత్తయ్యగారి గింజలతో. బీర, పొట్ల, సొర, గోంగూర, బచ్చలి గింజలు బూడిద కలిపి హార్లిక్స్ సీసాల్లో దాచారావిడ. మూడు బీర పాదులు పందిరెక్కి రెండు నెలల్లో పదకొండు కిలోలు ఇచ్చాయి.

బెండకి పల్లాకు తెగులొచ్చింది. తెల్లదోమ మోసుకొచ్చే వైరస్ అది, మందు లేదు. ఐదు మొక్కలూ పీకి పారేశాను. కిట్ పుస్తకంలో 'పొలాల్లో రైతులు విషం కొడతారు, మీరు స్వచ్ఛంగా పండించుకోండి' అని ఒక పేజీ ఉంది. చదివితే ఒళ్ళు మండింది. ఐదు మొక్కలు పీకడం నాకు తేలిక. అప్పు తెచ్చి ఎకరం బెండ వేసినవాడు పీకలేడు, దోమ చావడానికి ఏదో ఒకటి కొడతాడు.

ఇక లెక్క. కాటా వేసి నోటుబుక్కులో రాశాను. ఏడాదిన్నరకి 94 కిలోలు, అందులో నలభై దాకా ఆకుకూరలే. ఖర్చు కిట్‌కి 4,800, మట్టీ ఆటోకి 1,500, వేసవిలో గ్రీన్ నెట్‌కి 1,100, పైపులూ తాళ్ళూ వేపనూనె 900. మొత్తం 8,300. కిలో 88 రూపాయలు పడింది, నా చాకిరీ కాకుండా. ఇక మీదట తగ్గుతుంది, సంచులు, నెట్టు ఉన్నాయిగా. మా నలుగురికి నెలకి ఇరవై కిలోల కూరలు కావాలి. వచ్చింది నెలకి ఐదు. ఉల్లి, బంగాళాదుంప, పప్పులు ఎటూ కొనాల్సిందే. సరదాకి ఇంకో లెక్క కట్టాను. ఎకరానికి ముప్పై బస్తాల (బస్తా 75 కిలోలు) చొప్పున ఈ డాబా అంతా వరి పండిందనుకున్నా వచ్చేవి 45 కిలోల వడ్లు. ఆడిస్తే ముప్పై కిలోల బియ్యం.

అయినా తీసేయను. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు మా వీధికి నాలుగు రోజులు కూరల బండి రాలేదు. ఆ నాలుగు రోజులూ మా మెట్ల మీద జనమే. బచ్చలి పులుసు, తోటకూర పప్పు, గోంగూర పచ్చడి, నాలుగిళ్ళు తిన్నాం. పప్పులోకి అన్నం మాత్రం బస్తాలోదే. అదే వారం తమ్ముడి నాట్లు నీళ్ళ కింద ఉన్నాయి.

ఐదుకి రెండు మార్కులు ఇస్తున్నాను, రెండూ సంచులకే. కొనాలనుకుంటే సంచులు విడిగా కొనండి, సగం ధరకి వస్తాయి. గింజలు ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి. ముందు బచ్చలి, గోంగూర, తోటకూర వేయండి. క్యారెట్ జోలికి పోకండి.

మొన్న సంక్రాంతికి తమ్ముడు బియ్యం బస్తా తెచ్చాడు. వెళ్ళేటప్పుడు సంచీ నిండా గోంగూర కోసిచ్చాను. మా నాన్న ఉన్నప్పుడు చేను గట్ల మీద కంది, బెండ, గోంగూర ఉండేవి, కూరకి ఊళ్ళో కొన్నది లేదు. ఇప్పుడు హార్వెస్టర్ తిరగడానికి మధ్య గట్లన్నీ తీసేశారట. మరదలు పామర్రు వెళ్ళి కట్ట పదికి కొంటోంది.