కొలిన్యీ జాడలు: ప్యారిస్‌లో ఒక పూట చాలు, లా రోషెల్‌లో ఆగండి

లూవ్ర్ మ్యూజియానికి వచ్చే జనంలో రూ ద రివోలి రోడ్డు దాటి అవతలి పక్కకు చూసేవాళ్లు తక్కువ. అక్కడ ఓరతోవార్ అనే ప్రొటెస్టెంట్ చర్చి వెనక గోడకు ఆనుకుని, ఇనుప కటకటాల వెనుక, అడ్మిరల్ గస్పార్ ద కొలిన్యీ పాలరాతి విగ్రహం ఉంది. పదహారో శతాబ్దంలో హ్యూగెనాట్ల (ఫ్రెంచ్ ప్రొటెస్టెంట్ల) నాయకుల్లో ఒకడాయన. 1889లో పెట్టారు. టికెట్ లేదు, క్యూ లేదు, బస్సుల రొద మాత్రం ఉంటుంది. అదే రోడ్డులో 144వ నంబరు భవనం మీద, ఆయన్ని చంపిన ఇల్లు ఇక్కడే ఉండేదని చెప్పే ఫలకం ఉంది. తలెత్తి వెతికితే గాని కనపడదు.

1572 ఆగస్టు 22న రాజును కలిసి ఇంటికి నడిచి వస్తుంటే ఓ కిటికీలోంచి ఆయన మీద కాల్పులు జరిగాయి. రాజు తొమ్మిదో చార్లెస్ స్వయంగా వచ్చి పరామర్శించాడు. రెండు రోజులు తిరక్కుండానే కాథలిక్ పక్షపు గీజ్ ప్రభువు మనుషులు ఆయన్ని పొడిచి, శవాన్ని కిటికీలోంచి కిందికి విసిరేశారు. అప్పుడే మొదలైన ప్రొటెస్టెంట్ల మారణకాండకు సంకేతంగా గంట మోగించారని చెప్పే సేంట్-జెర్మేన్-లోసెర్వా చర్చి కూడా పక్కనే. అన్నీ నడిచి చూసేయొచ్చు.

కానీ ప్యారిస్ చూపించేది ఆయన చావునే. ఆయన సత్తా తెలిసేది అంతకుముందు కథలో. 1569లో రాజు సైన్యంతో యుద్ధాల్లో, జార్నాక్ దగ్గర హ్యూగెనాట్ల నాయకుడు కోండే చనిపోయాడు, మోంకొంతూర్‌లో వాళ్ల సైన్యం చిత్తుగా ఓడింది. ఇక హ్యూగెనాట్ల పని అయిపోయిందనుకుంటే, కొలిన్యీ మిగిలినవాళ్లను కూడగట్టుకుని దక్షిణాదంతా చుట్టి మళ్లీ ఉత్తరానికి వచ్చాడు. 1570 ఆగస్టు సంధిలో రాజు వాళ్ల రక్షణకు నాలుగు కోట పట్టణాలు ఇవ్వాల్సి వచ్చింది. అందులో ఒకటి పడమటి తీరంలోని రేవు పట్టణం లా రోషెల్.

అక్కడికి ప్యారిస్‌లోని మోంపర్నాస్ స్టేషన్ నుంచి టీజీవీ అనే హైస్పీడ్ రైల్లో సుమారు మూడు గంటలు. స్టేషన్ నుంచి పాత రేవుకు నడకే. 1628లో అప్పటి రాజు మంత్రి రిషెల్యూ పట్టణాన్ని లొంగదీసుకున్నాక నేలవైపు కోటగోడలు కూల్చేశారు, సముద్రం వైపు బురుజులు మిగిలాయి. లాంతరు బురుజు లోపలి రాళ్ల మీద ఖైదీలు చెక్కిన ఓడలు, పేర్లు చూస్తూ చాలాసేపు నిలబడిపోయాం. మెట్లు ఇరుకు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కిందే ఆగడం మంచిది. ప్రొటెస్టెంట్ మ్యూజియం ఏడాది పొడవునా తెరిచి ఉండదు, ముందే కనుక్కుని వెళ్లండి.

బస విషయానికొస్తే, లూవ్ర్ దగ్గర గదిలో సూట్‌కేస్ తెరిస్తే నడవడానికి చోటు లేదు, రేటు మాత్రం ఘనం. లా రోషెల్‌లో తక్కువకే పెద్ద గది దొరికింది. కాకపోతే రాత్రి రిసెప్షన్‌లో మనిషి ఉండడు. తలుపు కోడ్ మెసేజ్ ఆలస్యంగా వచ్చి కాసేపు టెన్షన్ పెట్టింది. తిండి అంతా చేపలు, ఆల్చిప్పలే. శాకాహారులకు చీజ్, గుడ్డు లేదా కూరగాయలు పెట్టిన గలెట్ అట్లే దిక్కు. అవి బాగానే ఉంటాయి.

ఆయన పుట్టిన షాతియోఁ-కొలిన్యీకి రైలు లేదు. కారు అద్దెకు తీసుకుంటే తప్ప దాన్ని ప్లాన్‌లో పెట్టుకోకండి.