సేవకి పిలుపు ఉందా లేదా అని నలిగిపోతున్నవాళ్ళ కోసం: స్పర్జన్ గారి పుస్తకంలో రెండో పాఠం మీద నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, ఇది మొత్తం పుస్తకం మీద రివ్యూ కాదు. స్పర్జన్ గారి 'లెక్చర్స్ టు మై స్టూడెంట్స్'లో రెండో పాఠం ఉంటుంది, సేవకి, అంటే సంఘ కాపరి పనికి, దేవుడి పిలుపు గురించి, దాని మీదే రాస్తున్నా. మిగతావి కూడా చదివా కానీ గొంతు ఎలా వాడాలి, ప్రసంగానికి వాక్యం ఎలా ఎంచుకోవాలి లాంటివి ఇప్పుడు నాకు పనికొచ్చేవి కావు. నేను ఈ పుస్తకం కొన్నది ఒకే ఒక్క ప్రశ్న కోసం, దేవుడు నన్ను పూర్తికాల సేవకి పిలుస్తున్నాడా లేక నేనే ఊహించుకుంటున్నానా అని.

నా సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే ఈ పాఠం నన్ను ఎందుకు అంత పట్టుకుందో అర్థం కాదు. నేను గుంటూరు వైపు ఒక ప్రైవేట్ స్కూల్లో సైన్స్ టీచర్ని, మాది సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘం, చిన్నప్పటి నుంచి సండే స్కూలు, క్వయిరు, క్రిస్మస్‌కి స్టార్ కట్టడం, అంతా మందిరం చుట్టూనే. నేను కడుపులో ఉన్నప్పుడు మా అమ్మ బైబిల్లో సమూయేలు తల్లి హన్నాలాగా మొక్కుకుందట, బిడ్డ దక్కితే సేవకి ఇచ్చేస్తానని, మగపిల్లాడు పుడతాడనుకుంది, నేను పుట్టా, ఇంక ఆ మొక్కుబడి సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. మూడేళ్ళ కిందట డిసెంబరు 31 రాత్రి వాచ్ నైట్ సర్వీసులో, కొత్త ఏడాదికని ఒక బైబిలు వచనం ఉండే వాగ్దానం కార్డు తీస్తే యెషయా 6:8 వచ్చింది, నేనున్నాను నన్ను పంపుము అన్న మాట. చేతులు వణికాయి. ఆ కార్డు లామినేషన్ చేయించి పర్సులో పెట్టుకుని తిరిగా. తర్వాత తెలిసింది, మా వెనక వరసలో కూర్చునే ఎరువుల షాపు అన్నకి కూడా ఆ రాత్రి అదే కార్డు వచ్చిందని, ఒక్కో వచనం పది పదిహేను కాపీలు కొట్టిస్తారు కదా.

ఇదంతా మా అయ్యగారికి, అంటే మా సంఘ కాపరికి చెప్తే ఆయన నవ్వలేదు, తిట్టలేదు. "అమ్మా, కార్డు దేవుడు ఇవ్వలేదని నేననను, కానీ దాని మీద ఇల్లు కట్టకు, స్పర్జన్ గారిది రెండో పాఠం చదివి రా, కూర్చుని మాట్లాడుకుందాం" అన్నారు. ఆన్‌లైన్‌లో మూడొందల చిల్లర పెట్టి తెప్పించుకున్నా.

స్పర్జన్ ఎవరో తెలియనివాళ్ళకి: 1834లో పుట్టి 1892లో పోయిన లండన్ బాప్టిస్టు ప్రసంగీకుడు, పంతొమ్మిదేళ్ళకే లండన్‌లో పెద్ద సంఘానికి కాపరి అయ్యాడు, 1856లో పాస్టర్స్ కాలేజీ పెట్టాడు. అక్కడి కుర్రాళ్ళకి శుక్రవారం మధ్యాహ్నాలు చెప్పిన మాటలే ఈ పుస్తకం, మొదటి భాగం 1875లో వచ్చింది. ఇంతమందికి పాఠం చెప్పిన ఆయన తాను మాత్రం ఏ బైబిలు కాలేజీకీ వెళ్ళలేదు. వెళ్దామనుకున్నాడు, కేంబ్రిడ్జిలో ఒకరింట్లో కాలేజీ పెద్దాయన్ని కలవడానికి వెళ్తే పనిమనిషి ఈయన్ని ఒక గదిలో కూర్చోబెట్టింది, ఆ పెద్దాయన ఇంకో గదిలో ఉన్నాడు, ఒకళ్ళున్నట్టు ఒకళ్ళకి తెలియదు, ఈయన రెండు గంటలు ఎదురుచూశాడు, ఆ పెద్దాయనేమో చూసి చూసి రైలెక్కి వెళ్ళిపోయాడు. ఇది ఆయన ఆత్మకథలో ఉంది. ఆ సాయంత్రం మైదానంలో నడుస్తుంటే యిర్మీయా 45:5 మనసులోకి వచ్చిందట, నీకోసం గొప్పవి వెతుక్కుంటున్నావా, వెతకొద్దు అని. ఆయనకి వచ్చిన వచనం పొగిడేది కాదు, ఆశ తుంచేసేది. మనం కార్డుల్లో ఇలాంటి వచనాలు వెయ్యం.

ఇంక పాఠంలోకి వస్తే, పిలుపుకి నాలుగు గుర్తులు చెప్తాడు. మొదటిది ఆ పని మీద తీరని ఆశ. ఆగగలిగితే ఆగిపో, సేవలోకి రాకు అన్న ఒక పాత బోధకుడి సలహాని గుర్తు చేసి, మీలో ఎవరైనా పత్రిక ఎడిటరుగానో కిరాణా కొట్టు పెట్టుకునో రైతుగానో డాక్టరుగానో, ఆఖరికి రాజుగానో తృప్తిగా ఉండగలిగితే దయచేసి అటే వెళ్ళండి అంటాడు. నేను ఇక్కడే రెండు వారాలు ఆగిపోయా, ముందుకు చదవలేకపోయా. ఎందుకంటే నాకు సైన్స్ చెప్పడం ఇష్టం, ఎనిమిదో తరగతి పిల్లలు మైక్రోస్కోపులో ఉల్లిపొర చూసి అరుస్తారే, ఆ అరుపు అంటే నాకు ప్రాణం, అంటే నేను టీచరుగా తృప్తిగా ఉండగలను, మరి పిలుపు లేనట్టేనా అని రాత్రిళ్ళు నిద్ర పట్టలేదు.

ఈ ఒక్క పాయింట్ దగ్గర మాత్రం ఈ పాఠాన్ని బైబిలు పక్కన పెట్టుకుని చదవాలని నా గట్టి అభిప్రాయం. బైబిల్లో పౌలు తిమోతికి రాసింది "ఆశించినయెడల" అనే మొదలవుతుంది, అధ్యక్షపదవిని, అంటే సంఘాన్ని చూసుకునే పనిని, దొడ్డపని అన్నాడు, కాబట్టి ఆశ ఉండటం తప్పు కాదు, స్పర్జన్ గారు కరెక్టే. కానీ బైబిల్లో దేవుడు పంపినవాళ్ళని చూడండి, మోషేకి ఏ ఆశ ఉంది? ఇంకెవరినైనా పంపు ప్రభువా అని బతిమాలాడు. యిర్మీయా నేను బాలుణ్ణి అన్నాడు. ఆమోసు పసులకాపరి, మేడిపండ్లు ఏరుకునేవాడు, ఆ పనిలో ఉండగానే పట్టుకెళ్ళాడు దేవుడు. అయ్యగారు దీనికి ఒక మాట చెప్పారు, అది నాకు చాలా పనికొచ్చింది: స్పర్జన్ అడిగేది ఆశ ఎంత ఎత్తున ఎగిసింది అని కాదు, ఎన్నాళ్ళు నిలిచింది, నీకేం దక్కుతుందని ఆశపడుతున్నావు అని. మళ్ళీ చదివితే నిజమే, ఆలోచించి పుట్టిన ఆశ అయ్యుండాలి, నిలబడేది అయ్యుండాలి, స్వలాభం ఉండకూడదు అని పక్కనే రాసి ఉంది, నా కంగారులో చూసుకోలేదు.

ఈ భాగంలోనే ఇంకో సంగతి ఉంది, మన దగ్గర పెద్దగా చదివి వినిపించాల్సింది. లాయరు ఆఫీసులో ఇమడలేకపోయా, కొట్టు పెడితే దివాళా తీసింది, కాబట్టి దేవుడు నన్ను సేవకే పిలుస్తున్నాడు అని వచ్చేవాళ్ళు ఒకరు కాదు ఇద్దరు కాదు వందమందిని చూశానంటాడు. వాళ్ళకి ఆయన చెప్పేది ఏంటంటే, మంచి కాపరి కాగలిగినవాడు కొట్టు పెట్టినా బాగానే నడిపి ఉండేవాడు అని. డిగ్రీ ఫెయిలైన కొడుకుని బైబిలు ట్రైనింగుకి పంపేద్దాం, చదువొచ్చినవాణ్ణి మాత్రం అమెరికా పంపిద్దాం అనుకునే ఇళ్ళు మన విశ్వాసుల్లో ఎన్ని లేవు చెప్పండి.

రెండో గుర్తు బోధించే సామర్థ్యం. నేను టీచర్ని కాబట్టి ఇందులో పాసైపోతా అనుకున్నా. అయ్యగారు ఊరుకోలేదు, సంఘంలో ఐదుగురు స్త్రీల దగ్గరికి వెళ్ళి నిజం చెప్పమని అడుగు, నీకు ఇష్టమైనవాళ్ళ దగ్గరికి వెళ్ళకు అన్నారు. నలుగురు బాగా చెప్తావమ్మా అన్నారు. ఐదో ఆమె మా వీధి చివర పెద్దమ్మ, చదువుకోలేదు, మిరపకోతలకి వెళ్తుంది, కాసేపు మాట్లాడలేదు, తర్వాత నా చెయ్యి పట్టుకుని "వాక్యం చెప్తే నీ నోట్లోంచి తేనె కారినట్టే ఉంటదమ్మా, కానీ మా ఆయన పోయినప్పుడు వచ్చావు చూడు, నేను ఏడుస్తుంటే నువ్వు రెండుసార్లు వాచీ చూసుకున్నావు" అంది. మూడేళ్ళుగా నా గురించి ఎవరూ చెప్పని మాట అది. ఆ రోజు నాకు బస్సు ఉంది, పరీక్ష పేపర్లు దిద్దాలి, అయినా నేను చూసుకున్నాను, ఆమె చూసింది.

అప్పుడు అర్థమైంది ఈ పాఠంలో లోటు ఏంటో. నాలుగు గుర్తులూ ఎక్కువ ప్రసంగం చుట్టూనే తిరుగుతాయి. పల్లెటూరి కాపరి పనిలో ఆదివారం ప్రసంగం ఎంత, మిగతా వారమంతా ఎంత? ఆసుపత్రి మంచం పక్కన కూర్చోవడం, తాగొచ్చి కొట్టిన మొగుడితో మాట్లాడటం, సమాధి దగ్గర నిలబడటం, వర్ధంతి ప్రార్థనలు, ఇళ్ళల్లో ప్రార్థన కూటాలు. ఈ పనికి మనసుందా లేదా అని పరీక్షించుకోవడానికి ఇక్కడ దొరికేది తక్కువ.

మూడో గుర్తు ఫలం, అంటే నీ మాట విని కొందరైనా మారుతున్నారా అని. ఇది నాకు పూర్తిగా ఒప్పుదల కాలేదు, కారణం మన నేల మీదే ఉంది. అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషన్ 1836లో మొదలైంది, ఏళ్ళ తరబడి పెద్దగా ఎవరూ రాలేదు, 1853కి వచ్చేసరికి మూసేద్దామా అని అమెరికాలో చర్చ, పటంలో ఒంటరి నక్షత్రంలా మిగిలిన మిషన్ అన్న పేరు అప్పుడొచ్చిందే. ఇక్కడ పనిచేస్తున్న మిషనరీ జ్యూయెట్ దొర మాత్రం వదల్లేదు. ఆయన వెంట వచ్చిన క్లౌ దొర ఒంగోలులో ఉండగా 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మొదటి పదేళ్ళు చూసి ఫలం లేదు, పిలుపు లేదు అని తేల్చేస్తే మా ప్రకాశం చుట్టాల్లో సగంమంది ఇవాళ ఎక్కడుండేవాళ్ళో. స్పర్జన్ గారికి ఇరవై ఏళ్ళు నిండకముందే జనం పోటెత్తారు, ఆ అనుభవం ఆయన మాటలో కనిపిస్తుంది.

నాలుగో గుర్తు సంఘం ఒప్పుకోవడం. దీన్ని క్లుప్తంగానే చెప్తాడు, చక్కగా చెప్తాడు. మాకైతే అది పద్ధతిలోనే ఉంది, పాస్టరేట్ కమిటీ (మా సంఘ పెద్దల కమిటీ) సిఫార్సు, డయోసిస్ (ఒక బిషప్ కింద ఉండే సంఘాలన్నీ కలిపి) ఇంటర్వ్యూ, తర్వాత బి.డి. (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ) చదువుకి నాలుగైదేళ్ళు. కాగితాల పని అనుకునేదాన్ని, ఇప్పుడు అలా అనిపించట్లేదు.

ఒక విషయం బాధతోనే రాస్తున్నా. ఈ పాఠంలో నాకు చోటు లేదు. మొదటి నుంచి చివరిదాకా సహోదరులారా అనే, కుర్రాళ్ళకే. ఛాతీ వెడల్పు లేనివాణ్ణి దేవుడు ప్రసంగానికి పుట్టించలేదు అన్నట్టు ఒక మాట కూడా ఉంది, మైకులు లేని రోజులు కాబట్టి అన్నాడేమో గానీ ఒంటిని బట్టి పిలుపు లెక్కకట్టడం నాకు నచ్చలేదు. సీఎస్ఐలో 1976 నుంచి స్త్రీలకి కూడా అభిషేకం ఇచ్చి కాపరులుగా నియమిస్తున్నారు, 2013లో మన నంద్యాల డయోసిస్‌కి పుష్పలలిత గారు బిషప్ అయ్యారు, సీఎస్ఐలో మొదటి స్త్రీ బిషప్ ఆవిడే. ఆ వార్త వచ్చిన రోజు మా అమ్మ పేపరు కట్ చేసి బైబిల్లో పెట్టుకుంది, ఏమీ అనలేదు. కాబట్టి చెల్లెళ్ళూ అక్కలూ, ఈ పాఠం చదివితే పుల్లింగం దగ్గర ఆగిపోకండి, ప్రశ్నలు తీసుకోండి.

అయితే అసలు బంగారం పాఠం చివర్లో ఉంది, జాన్ న్యూటన్ రాసిన ఒక ఉత్తరం అక్కడ ఎత్తి రాశాడు. న్యూటన్ ఒకప్పుడు బానిసల ఓడలు నడిపినవాడు, తర్వాత లివర్‌పూల్ రేవులో కస్టమ్స్ ఉద్యోగి. 1758లో ముప్పై మూడో పుట్టినరోజు వచ్చేలోపు సేవ సంగతి తేల్చుకోవాలని ఆరు వారాలు కూర్చుని తనని తాను ప్రశ్నించుకున్నాడు. వెళ్ళాలని తేల్చుకున్నాడు. ఆ డిసెంబరులోనే సంఘ పెద్దలు కుదరదన్నారు. అభిషేకం దొరికింది 1764లో. ఉత్తరంలో ఆయన చెప్పేవి మూడే: మనసులో ఆశ, దానికి తగ్గ వరాలు, మూడోది దేవుడు పరిస్థితుల్లో కొద్దికొద్దిగా తలుపు తియ్యడం. ఈ మూడోది నాకు నిద్ర పట్టించింది. చెల్లి పెళ్ళి అప్పు ఇంకా పదిహేను నెలలు ఉంది, నాన్నకి షుగరు, ఇవన్నీ పిలుపుకి అడ్డాలని ఏడ్చేదాన్ని, తలుపు ఇంకా తెరుచుకోలేదంతే అని ఇప్పుడు అనుకోగలుగుతున్నా. ఆరేళ్ళు ఆగినాయన చెప్పాడు కాబట్టి నమ్మబుద్ధేసింది.

దీనికి తోడుగా అజరయ్య బిషప్ గారి జీవితం గురించి దొరికింది చదవండి. తిరునల్వేలి తమిళుడు, వైఎంసీఏ అనే క్రైస్తవ యువకుల సంస్థలో మంచి హోదాలో ఉండి, పదిమందిని మిషనరీలుగా వెళ్ళమని చెప్తూ చెప్తూ మరి నేనెందుకు వెళ్ళట్లేదు అన్న ప్రశ్న తనకే తగిలి 1909లో డోర్నకల్ వచ్చాడు, తెలుగు నేర్చుకున్నాడు, 1912లో బిషప్ అయ్యాడు, భారతీయుల్లో మొదటి ఆంగ్లికన్ (ఇంగ్లండు చర్చి) బిషప్. స్పర్జన్ దగ్గర దొరకని ఇళ్ళూ పల్లెలూ ఈయన దగ్గర దొరుకుతాయి.

కొనేవాళ్ళకి రెండు మాటలు. ఇంగ్లీషు పాతది, వాక్యాలు పొడుగు, నేను పక్కన డిక్షనరీ పెట్టుకుని ఇరవై పేజీలకి నెల తీసుకున్నా. నాకొచ్చిన కాపీలో అక్షరాలు చీమల్లా ఉన్నాయి, న్యూటన్ ఉత్తరం ఎక్కడ మొదలైందో ఎక్కడ అయిపోయిందో తెలియకుండా కలిపేసి కొట్టారు, కొనేముందు లోపలి పేజీ ఫోటో చూసుకోండి. కాపీరైటు ఎప్పుడో అయిపోయింది కాబట్టి నెట్‌లో ఫ్రీగా కూడా దొరుకుతుంది. ఒంటరిగా మాత్రం చదవొద్దు, మొహమాటం లేకుండా మాట్లాడే ఒక పెద్దవాళ్ళతో కలిసి చదవండి. పదకొండో పాఠం కూడా వదలొద్దు, సేవకుడు కుంగిపోయే రోజుల గురించి, ఆయనే ఆ చీకటి పడ్డవాడు కాబట్టి అంత నిజంగా రాయగలిగాడు.

ఐదుకి నాలుగు స్టార్లు ఇస్తా. నేను ఈ ఏడాది అప్లై చెయ్యట్లేదు, అయ్యగారికి చెప్పేశా. వేసవి సెలవుల్లో ఆయనా, ఆయన భార్య అమ్మగారూ సంఘస్థుల ఇళ్ళకి వెళ్తుంటే వెంట వెళ్తున్నా, మొన్న మంగళవారం పెద్దమ్మ వాళ్ళింట్లో కూటం, అయ్యాక అందరూ వెళ్ళిపోయినా నేను ఉండిపోయా, ఆవిడ వాళ్ళాయన గురించి చీకటి పడేదాకా చెప్తూనే ఉంది.