మీటరుకి మూడు స్టార్లు, స్ట్రిప్పుకి నాలుగు, కస్టమర్ కేర్‌కి సున్నా

కంపెనీ పేరు రాయను, వాళ్లతో గొడవ ఇంకా తెగలేదు. పద్నాలుగు నెలల కింద అమ్మకి కొన్న గ్లూకోమీటరు ఇది. అమ్మ రాజమండ్రిలో, నేను హైదరాబాద్‌లో. వారానికి మూడు రోజులు పొద్దున్నే వీడియో కాల్‌లో ఆవిడ వేలు గుచ్చుకుంటుంది, నేను అంకె రాసుకుంటాను.

పాతిక స్ట్రిప్పులతో కలిపి మీటరు 700 రూపాయలు. ఆ తర్వాత యాభై స్ట్రిప్పుల డబ్బా 1,050. అమ్మ మొదటి వారంలోనే లెక్కేసింది. "ఒక్కోటి ఇరవయ్యొక్క రూపాయలా? ఇంతోటి ప్లాస్టిక్ ముక్కలో ఏముందే?"

నిజానికి నాకు జీతం వచ్చేదే ఆ ప్రశ్నకి. అమెరికా పేటెంట్ లాయర్ల కోసం ప్రయర్ ఆర్ట్ వెతికిపెట్టే ఆఫీసులో పని నాది. ఎవరో కొత్తది కనిపెట్టామంటారు. అది అంతకుముందే ఎక్కడైనా ఉందా, లేకపోతే ఉన్నవాటినే పక్కపక్కన పెట్టుకుంటే ఆ పని తెలిసినవాడికి ఎవడికైనా తట్టేదేనా అని పాత కాగితాలు తవ్వడం మా పని. ఆఫీసులో దాన్ని 'ఆబ్వియస్' అంటాం. అమ్మ అయితే "ఏముందే" అంటుంది.

మీటరు గురించి పెద్దగా చెప్పేదేం లేదు. అంకెలు పెద్దవి, అమ్మ కళ్లజోడు లేకుండానే చదువుతుంది. స్క్రీన్‌కి లైటు లేదు, కరెంటు పోతే టార్చి వేసుకోవాలి. గుచ్చే పెన్ను స్ప్రింగ్ ఆరో నెలలో వదులైంది. సరుకంతా స్ట్రిప్పులోనే ఉంది.

పండక్కి ఇంటికెళ్లినప్పుడు పాడైన స్ట్రిప్పు ఒకటి తీసుకుని బ్లేడుతో పొరలు విప్పాను. అడుగున తెల్ల ప్లాస్టిక్ రేకు, దాని మీద నల్లటి కార్బన్ గీతలు. మధ్యలో, అంచు దగ్గర సన్నని గాడి కోసిన ఇంకో పొర. పైన పారదర్శకమైన మూత. గాడి అడుగున ఆవగింజంత పసుపు మరక. ఇరవయ్యొక్క రూపాయలూ ఆ మరకకే. ఎంజైము, దానితోపాటు ఎలక్ట్రాన్లను మోసే ఇంకో రసాయనం అక్కడ ఎండబెట్టి ఉంటాయి. రక్తం చుక్క అంచుకి తగలగానే గాడి దానంతటదే పీల్చుకుంటుంది. ఎంజైము గ్లూకోజు నుంచి ఎలక్ట్రాన్లు లాగితే, రెండో రసాయనం వాటిని కార్బన్ గీతకి చేరవేస్తుంది. చక్కెర ఎంత ఉంటే కరెంటు అంత. దాన్ని కొలిచి అంకెగా చూపించడమే మీటరు పని.

ఆ మరక మీద జల్లెడలాంటి పొర ఏదీ లేదు. రక్తం నేరుగా వెళ్లి రసాయనం మీద పడుతుంది. ఈ 'లేకపోవడం' మీదే అమెరికాలో ఏళ్ల తరబడి కేసు నడిచింది. మా ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లకి చెప్పే మొదటి కథల్లో అదొకటి: తెరాసెన్స్ వర్సెస్ బెక్టన్ డికిన్సన్.

సంగతేమిటంటే, రక్తంలోని ఎర్రకణాలు ఎలక్ట్రోడ్‌కి అడ్డుపడతాయని, అందుకని పైన ఒక మెంబ్రేన్, అంటే ఆ జల్లెడలాంటి పొర, ఉంటే మంచిదని మొదట్లో అనుకునేవారు. తర్వాత, కేసులో తెరాసెన్స్ వైపున్న అబ్బాట్ కంపెనీ చేతిలో ఉన్న 5,820,551 నంబరు పేటెంట్, మెంబ్రేన్ లేకుండా నేరుగా రక్తం మీద పనిచేసే స్ట్రిప్పు మాది అంది. దాని అసలు దరఖాస్తు 1984 నాటిది, పేటెంట్ వచ్చింది 1998లో. మధ్యలో పదమూడేళ్లకు పైగా పేటెంట్ ఆఫీసు ఎగ్జామినర్లు కాదంటూనే ఉన్నారు. వాళ్లు పదే పదే ఎత్తి చూపింది ఆ కంపెనీదే అయిన పాత పేటెంట్‌నే, 4,545,382. అందులో మెంబ్రేన్ గురించి "ఆప్షనల్లీ, బట్ ప్రిఫరబ్లీ" అని ఉంది. పెట్టకపోయినా నడుస్తుంది, కానీ రక్తం మీద వాడేటప్పుడు పెడితే మేలు అని.

చివరికి కంపెనీ ఒక నిపుణుడి అఫిడవిట్ పెట్టి ఇలా వాదించింది: ఆ మాట ఉన్నది ఉన్నట్టు తీసుకోకండి, ఆ రోజుల్లో ఈ పని తెలిసినవాడెవడైనా దాన్ని 'రక్తమైతే మెంబ్రేన్ తప్పనిసరి' అనే చదువుకుంటాడు. పేటెంట్ వచ్చేసింది. తీరా చూస్తే, అంతకు కొన్నేళ్ల ముందు యూరప్ పేటెంట్ ఆఫీసులో అలాంటి వాక్యం గురించే వాళ్ల తరఫువాళ్లు అర్థం స్పష్టంగానే ఉందని, మెంబ్రేన్ ఆప్షనలేనని రాసిచ్చారు!

2008లో కాలిఫోర్నియా ఫెడరల్ కోర్టులో జడ్జి విలియం ఆల్సప్ ఇది ఆబ్వియస్ అని తేల్చారు. యూరప్ కాగితాలు దాచినందుకు పేటెంట్ అసలు అమలు చేయడానికే వీల్లేదన్నారు. అప్పీలు, పేటెంట్ అప్పీళ్లు వినే ఫెడరల్ సర్క్యూట్ కోర్టుకి వెళ్లింది. 2011 మేలో ఆ కోర్టు జడ్జీలంతా కూర్చుని ఇచ్చిన తీర్పు పేరుపడింది రెండో విషయానికి: మోసం రుజువు చేయడానికి ఇంకా గట్టి కొలమానం కావాలంటూ దాన్ని కింది కోర్టుకి తిప్పి పంపారు. లాయర్లందరూ దాని గురించే మాట్లాడతారు. ఆబ్వియస్ అన్న భాగం మాత్రం నిలబడింది. నాకు అసలు నచ్చేది అదే. చూశాక ఎవడికైనా "ఇందులో ఏముంది" అనిపిస్తుంది, మా వృత్తిలో అంతకన్నా పెద్ద ప్రమాదం లేదు. కానీ ఇక్కడ చూశాక పుట్టిన తెలివితో పనే లేదు, లేకపోయినా పర్వాలేదని ముందే రాసిపెట్టుకున్నారు.

ఇక నా గొడవ. అమ్మ వారానికి మూడుసార్లే చూసుకుంటుంది కాబట్టి యాభై స్ట్రిప్పులు అవడానికి దాదాపు నాలుగు నెలలు పడుతుంది. వానాకాలంలో ఒక డబ్బా తెరిచిన తొంభై నాలుగో రోజున ఈ-3 ఎర్రర్ మొదలైంది. వరసగా ఆరు స్ట్రిప్పులు, ఆరుసార్లు వేలు. కస్టమర్ కేర్ అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. "తొంభై రోజులు దాటిపోయాయి కదా మేడమ్, రీప్లేస్‌మెంట్ రాదు." డబ్బాలో పెట్టిన కాగితం ఫోటో తీసి పంపాను. "ప్రిఫరబ్లీ తొంభై రోజుల్లోపు వాడండి" అని ఉంది అందులో. "అంటే తప్పనిసరి అనే కదా మేడమ్" అంది. ఫోన్ పట్టుకుని ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఆ అమ్మాయికి ఎందుకో అర్థమై ఉండదు.

నిజం చెప్పాలంటే రోజుల లెక్కలో తప్పు నాదే. చెమ్మ తగిలితే ఎంజైము పాడవుతుంది, డబ్బా మూతలో చెమ్మ పీల్చే గుళికలు పెట్టేది అందుకే. అయితే తప్పనిసరి అనుకుంటే తప్పనిసరి అనే రాయాలి. అదే రాసి మెయిల్ పెట్టాను, దానికి ఇప్పటికీ జవాబు లేదు.

అంకెల్లో మోసం లేదు. జూన్‌లో ల్యాబ్‌లో పరగడుపున 132 వచ్చింది, అదే పూట మీటరులో 144. గ్లూకోమీటర్లకి ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 15197 2013 నుంచి చెప్పేది, 100 దాటిన చోట ల్యాబ్ అంకెకి పదిహేను శాతం అటూ ఇటూ ఉండొచ్చని. ఇది ఆ లోపలే. ఒక్కసారి మాత్రం 268 చూపించి నా గుండె ఆగినంత పని చేసింది.

"అమ్మా, ఏం తిన్నావు?"

"ఏం తినలేదే, పిల్లలకి రసాలు పిండి ఇచ్చానంతే."

సబ్బుతో చేతులు కడిగించి, తుడిపించి, ఇంకో వేలు చూస్తే 139. రసం వేలికే ఉంది, ఒంట్లో కాదు.

రోజూ చూసుకునేవాళ్లు యాభై డబ్బా కొనుక్కోండి. మా అమ్మలాంటి వాళ్లకి పాతిక డబ్బానే నయం, ఒక్కోటి మూడు రూపాయలు ఎక్కువ పడినా సరే. కొనేముందు డబ్బా మీద ఎక్స్‌పైరీ చూడండి, మందుల షాపులో నాకొకసారి రెండు నెలల్లో అయిపోయేది అంటగట్టబోయారు. తెరిచిన తేదీ మూత మీద స్కెచ్ పెన్నుతో రాసేయండి. మా ఇంట్లో ఆ పని అమ్మే చేస్తోంది ఇప్పుడు, తేదీ కింద ఇంకో మాట కూడా చేర్చింది: "తొంభై. తప్పనిసరి."