నల్గొండ ఇంటికి పెయింట్: ఏది నిలిచింది, ఏది దండగ

నల్గొండలో ఏ పెయింట్ షాపుకు పోయినా కౌంటర్ మీద మొదటి ప్రశ్న "ఏ కంపెనీ సార్?", రెండోది "ఏ రంగు?". గోడ కొత్తదా పాతదా, పడమటి ఎండ పడుతుందా, ఇంట్లో చిన్నపిల్లలున్నారా, ఇంతకుముందు ఆ గోడ మీద ఏముంది, ఇవేవీ అడగరు. అందుకే ఈ రివ్యూ కంపెనీల వారీగా రాయడం లేదు. మా ఇంట్లో కింది పోర్షన్ పాతది, డిస్టెంపర్ గోడలు, అంటే తాకితే పొడి అంటే చవక రంగు. మీదిది కొత్తగా కట్టింది, లప్పం, అంటే గోడ నునుపుకు పెట్టే పుట్టీ దగ్గర్నుంచి మొదలు. రెండింటికీ ఒకేసారి రంగులు వేయించాం, ఆ తర్వాత ఎండాకాలం, వానాకాలం రెండూ చూశాం, కాబట్టి ఏది నిలిచిందో ఇప్పుడు ధైర్యంగా చెప్పొచ్చు.

తీర్పు ముందే చెప్పేస్తా. లోపలి గోడలకు మధ్యరకం ఎమల్షన్, అంటే నీళ్లతో కలిపే గోడ రంగు చాలు, పెద్ద ఖర్చు ఏదైనా ఉంటే బయటి గోడకు పెట్టండి. ఇక ఫినిష్, అంటే గోడ ఎంత మెరవాలి అన్నది, కంపెనీ కంటే రంగు కంటే ముందు తేల్చుకోండి.

ఎందుకంటే డబ్బా మీద పేరు చూస్తే ఫినిష్ తెలియదు. ఏషియన్ పెయింట్స్ ట్రాక్టర్ ఎమల్షన్‌లో మామూలుదీ ఉంది, షైన్ అనే మెరుపు రకమూ ఉంది. అదే కంపెనీ రాయల్‌లో మ్యాట్ వేరు, మెరిసేది వేరు. బెర్జర్, నెరోలాక్, డ్యూలక్స్ ఏది తీసుకున్నా ఇదే తంతు. మీరు "రాయల్ వేయండి" అని చెప్పి ఊరుకుంటే ఏది వస్తుందో షాపువాడి స్టాకును బట్టి ఉంటుంది.

"షైనింగ్ ఉంటేనే రిచ్ లుక్ వస్తది సార్" అని మా పెయింటర్ పనికి వచ్చిన రోజే మొదలుపెట్టాడు. అతను మంచి పనిమంతుడు, కానీ ఈ ఒక్క మాట నేను వినలేదు, హాల్లో మ్యాట్ వేయించా. మెరుపు ఎంత ఎక్కువైతే గోడ వంకరలు అంత బయటపడతాయి. మన దగ్గర ప్లాస్టరింగ్ ఎలా ఉంటుందో అందరికీ తెలుసు, కర్ర పెట్టి చూస్తే ఒక చోట గుంత, ఒక చోట ఎత్తు. సాయంత్రం కిటికీలోంచి ఎండ ఏటవాలుగా పడ్డప్పుడు మెరుపు గోడ మీద లప్పం లాగిన గీతలు, రోలర్ జాడలు అన్నీ లెక్కపెట్టుకోవచ్చు. దానికి తోడు ఇప్పుడు ఫాల్ సీలింగ్‌లో ప్రొఫైల్ లైట్లు గోడకు ఆనించి పెట్టడం ఫ్యాషన్ అయింది కదా, ఆ వెలుతురు గోడను రాసుకుంటూ కిందికి దిగుతుంది, దాని కింద మెరుపు రంగు వేస్తే మేస్త్రీ పని మొత్తం చుట్టాలందరికీ చూపించినట్టే. మ్యాట్ ఇవన్నీ కప్పేస్తుంది. స్లాబ్‌కైతే వేరే ఆలోచనే వద్దు, తెల్ల మ్యాట్.

అయితే మ్యాట్‌తో ఇబ్బంది లేదా అంటే ఉంది. మరక పడితే గట్టిగా తుడవలేం, తుడిచిన చోట మచ్చ మిగులుతుంది, కొన్నిసార్లు రుద్దిన చోటే మెరుపు తేలుతుంది. అందుకని మెట్ల గోడకు, పిల్లల గదికి, డైనింగ్ టేబుల్ పక్క గోడకు సాటిన్, అంటే కొద్దిగా మెరిసే రకం వేయించాం. మా అన్న కొడుకు స్కెచ్ పెన్ గీతలు తడిబట్టకు చాలావరకు పోయాయి, హాల్లో మ్యాట్ మీద గీసినవి మాత్రం అట్లనే ఉన్నాయి. కానీ ఒక మాట, మ్యాట్ గోడకు మేకు దెబ్బ తగిలితే అదే డబ్బాలోంచి రెండు బ్రష్షులు రాస్తే కలిసిపోతుంది. సాటిన్ గోడకు అలా అద్దితే అతుకు వేసినట్టు కనపడుతుంది, మూల నుంచి మూల వరకు గోడంతా వేయాల్సిందే. అద్దెకిచ్చే పోర్షన్ అయితే నేను కళ్లు మూసుకుని మ్యాట్ అంటాను, కిరాయిదారు మారినప్పుడల్లా ఒక చిన్న డబ్బాతో పనైపోతుంది.

వంటింట్లో తాలింపు జిడ్డు సంగతి వేరు. గట్టు పైన టైల్స్ ఎంతవరకు ఉంటే అంతవరకు బాధ లేదు, ఆ పైన సాటిన్ ఎనామిల్ (చెక్కకు, ఇనుముకు వేసే గట్టి రంగు) గానీ కడిగితే ఆగే ఎమల్షన్ గానీ వేయండి. దర్వాజలకు, కిటికీలకు ఆయిల్ ఎనామిల్ తెలుపు వేస్తే వెలుతురు తక్కువ పడే చోట కొన్నాళ్లకు పసుపెక్కుతుంది, పూజగది తలుపు వెనకవైపు చూడండి తెలుస్తుంది. తెలుపే కావాలంటే నీళ్లతో కలిపే ఎనామిల్ అడగండి, అది అంతగా పసుపెక్కదు. పాత దర్వాజల మీది ఎనామిల్‌ను పొడిగా గీకించకండి. ఇప్పటి ఇంటి పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90 పాళ్లు) దాటకూడదని రూల్ ఉంది, 2017 నవంబర్ 1 నుంచి అమలు. అంతకుముందు వేసిన రంగులకు ఆ పట్టింపు లేదు, గీకిన దుమ్ములో సీసం ఉండొచ్చు. మా కింది పోర్షన్ తలుపులు పాతవే కాబట్టి తడిపి గీకించి, పిల్లలను ఆ రెండు రోజులూ మీదనే ఉంచాం.

రంగుల సంగతికి వస్తే షేడ్ కార్డు పెద్ద మోసం. అగ్గిపెట్టె అంత ముక్కలో చూసిన రంగు నాలుగు గోడలకూ ఎక్కితే ఒక గోడ వెలుతురు ఇంకో గోడ మీద పడి చిక్కబడుతుంది. కార్డులో నచ్చినదానికంటే ఒక మెట్టు లేతది తీసుకోండి. మేము తెల్ల అట్ట మీద రెండు కోట్లు వేసి, దాన్ని పొద్దున తూర్పు గోడకు, మధ్యాహ్నం పడమటి గోడకు, రాత్రి మా ఇంటి లైట్ల కింద పెట్టి చూశాం. షాపులో ట్యూబ్‌లైట్ కింద లేత క్రీమ్ అనిపించింది, మా బెడ్రూం పసుపు బల్బు కింద నిమ్మకాయ రంగు తేలింది. అక్కడికక్కడే మార్చుకున్నాం. వాస్తు ప్రకారం ఏ మూలకు ఏ రంగు అనే చర్చ మా ఇంట్లోనూ జరిగింది, మా అత్తమ్మ ఈశాన్యం గదికి లేత రంగు ఉండాలన్నారు, ఎట్లాగూ ఆ గదికి వెలుతురు తక్కువ, కాబట్టి గొడవ లేకుండా ఇద్దరం గెలిచాం.

ముదురు రంగులు కోరుకునేవాళ్లు ఇంకోటి తెలుసుకోవాలి. షాపులో రంగులు కలిపే మిషన్‌లో లేత రంగును తెల్ల బేస్‌లో, అంటే తెల్ల మూల పెయింట్‌లో కలుపుతారు, ముదురుదాన్ని తెలుపు తక్కువున్న బేస్‌లో కలుపుతారు. కింద ఉన్న గోడను కప్పేది ఆ తెలుపే, అందుకే ఎరుపు, పసుపు, నారింజ రంగులకు రెండు కోట్లు చాలవు, మూడో కోటు, ఒక్కోసారి నాలుగోది కూడా పడుతుంది. ఒక్క గోడకే ముదురు రంగు వేద్దామనుకుని లెక్క వేసుకున్నవాళ్లు ఇక్కడే పరేషాన్ అవుతారు.

ఇప్పుడు బయటి గోడ, అసలు పరీక్ష ఇదే. మన దగ్గర మే నెలలో ఎండ 44, 45 డిగ్రీలు తాకుతుంది, పడమటి గోడ సాయంత్రానికి చెయ్యి పెట్టనివ్వదు. ఈ ఎండకు జిగేల్‌మనే పసుపు, గులాబీ, ఊదా రంగులు ముందు వెలిసిపోతాయి. ఇటుక ఎరుపు, గోధుమ, ఇసుక రంగు లాంటివి ఇనుము తుప్పు జాతి రంగులు, అంటే ఐరన్ ఆక్సైడ్లు, ఎండ వాటినేం చేయలేదు. మన ఊళ్లలో పాత ఇండ్ల అరుగులకు, గోడల అడుగున పూసే జాజు కూడా ఆ జాతిదే. అది రాలుతుంది గానీ వెలవదు. మా కాలనీలో ఎలివేషన్‌కు ముదురు బూడిద, నారింజ కలిపి వేసిన ఇండ్లు చాలా ఉన్నాయి, చూడటానికి బాగానే ఉంటాయి, కానీ ముదురు రంగు వేడిని పట్టుకుంటుంది, ఆ గోడ వెనకే బెడ్రూం ఉంటే రాత్రి ఏసీ బిల్లు మీరే కట్టుకోవాలి.

అట్లని పాలలాంటి తెలుపు వేయమంటానా అంటే మన ఎర్ర చెలక దుమ్ముకు అది నిలవదు. మిర్యాలగూడ వైపు రైస్ మిల్లుల దగ్గరుండేవాళ్లకు ఊక బూడిద అదనం. మేము లేత ఇసుక రంగు వేయించాం, దుమ్ము పడ్డా తెలియడం లేదు. టెక్స్చర్ మాత్రం వద్దే వద్దు, ఆ గరుకులో దుమ్ము ఇరుక్కుంటే వాన కూడా కడగలేదు. పక్కింటి పిట్టగోడ కింద నల్లటి చారలు చూసి మేం పిట్టగోడ పైభాగాన్ని లోపలికి వాలుగా చేయించాం, ఆ తర్వాతే రంగు. ఇది పెయింట్ పని కాదని పెయింటర్ అన్నాడు, నిజమే, కానీ దాని వల్లే మా గోడకు చారలు లేవు.

ఏషియన్ పెయింట్స్ బయటి ఎమల్షన్‌లో ఏస్, ఏపెక్స్, అల్టిమా అని మెట్లు మెట్లుగా ఉంటాయి, మిగతా కంపెనీలవీ అంతే. మేము పడమర, దక్షిణం గోడలకు పై మెట్టుది, నీడ పడే ఉత్తరం వైపు మధ్యరకం వేశాం, రంగు కోడ్ ఒకటే. ఇప్పటివరకు తేడా కనపడలేదు. డబ్బా మీద రాసిన వారంటీ ఏళ్లు చూసి మురిసిపోకండి. వాళ్లు చెప్పిన ప్రైమర్ (రంగు కింద వేసే మొదటి పూత), వాళ్లు చెప్పిన పద్ధతి, బిల్లు, అన్నీ ఉంటేనే అది వర్తిస్తుంది. బిల్లు లేకుండా వంద రూపాయలు తగ్గించుకుంటే వారంటీ అడిగే మొహం ఉండదు. పెయింట్ మీద జీఎస్టీ 18 శాతం, అది కలిపి రేటు మాట్లాడుకోండి. ఇంకోటి, మిట్టమధ్యాహ్నం ఎండ కొట్టే గోడకు రంగు వేయనివ్వకండి, బ్రష్ లాగేలోపే ఆరిపోయి అతుకులు పడతాయి. పొద్దున పడమటి గోడ, సాయంత్రం తూర్పు గోడ, నీడ వెంట తిరగమనండి.

అన్నిటికంటే నన్ను టెన్షన్ పెట్టింది నీళ్లు. నల్గొండ అంటే ఫ్లోరైడ్ అంటారు గానీ గోడ మీద తెల్లగా పొడిలా తేలేది ఫ్లోరైడ్ కాదు, నీళ్లలో, ఇటుకలో, ఇసుకలో ఉండే ఉప్పులు. చెమ్మ వాటిని బయటికి తోస్తుంది, రంగు పెచ్చులుగా ఊడుతుంది, పైన ఎంత ఖరీదైనది వేసినా ఆగదు. కింది పోర్షన్‌లో బాత్రూం గోడ వెనక అదే జరిగింది. పెయింటర్ "డ్యాంప్ ప్రూఫ్ ఒక కోటు కొడదాం సార్" అన్నాడు, మేము ముందు పైపు లీకేజీ ఆపించి, ఆ భాగం ప్లాస్టర్ పూర్తిగా గీకించి, మళ్లీ కట్టించి ఆరబెట్టాం. కొత్త ప్లాస్టర్ ఎక్కడైనా 28 రోజులైనా ఆరనివ్వాలి. గృహప్రవేశం ముహూర్తం పెట్టుకుని దానికి వెనక్కి లెక్క కట్టి పదో రోజున లప్పం మొదలుపెట్టేవాళ్లను చూస్తే భయమేస్తుంది. లప్పం కలపడానికి, రంగు పలచన చేయడానికి కూడా బోరు నీళ్లు కాకుండా నల్లా కృష్ణా నీళ్లే డ్రమ్ములో పట్టించాం.

లప్పంలోనూ రెండు జాతులు. వైట్ సిమెంట్‌ది ఇంటి లోపలికీ బయటికీ పనికొస్తుంది, అక్రిలిక్‌ది లోపలికి మాత్రమే. రెండూ పలచగానే పెట్టాలి, మందంగా పెడితే పలకలుగా లేస్తుంది. పాత సున్నం, డిస్టెంపర్ మీద నేరుగా లప్పం పెడితే అది పట్టుకునేది గోడను కాదు, ఆ పొడిని. గీకుడు కూలీ మీద బేరం ఆడకండి, నేను ఒక్క రూపాయి తగ్గించలేదు.

పెయింటర్ ఫలానా కంపెనీ డబ్బాలే తెప్పించమని పట్టుబడితే టోకెన్ సంగతి గుర్తుంచుకోండి. లప్పం బస్తాలో, డబ్బాలో పెయింటర్‌కు టోకెన్ గానీ స్కాన్ చేసే కోడ్ గానీ ఉంటుంది, దానికి పాయింట్లు, డబ్బులు వస్తాయి. అది అతనికి కంపెనీ ఇచ్చేది, తీసుకోనివ్వండి, మేం కూడా అన్నీ అతనికే ఇచ్చేశాం. కంపెనీ మాత్రం మేమే ఎంచుకున్నాం. మెటీరియల్‌తో సహా గుత్తకు ఇచ్చేస్తే ఈ ఎంపిక మీ చేతిలో ఉండదు, నేనైతే కూలీ వేరు, సామాను వేరుగా మాట్లాడుకోమంటాను. కొలతలప్పుడు తలుపులు, కిటికీల ఖాళీ తీసేస్తారా కలుపుతారా అన్నది ముందే తేల్చుకోండి, చాలామంది కలుపుతారు. మిషన్‌లో కలిపిన రంగును షాపు వెనక్కి తీసుకోదు, సీలు తీయని తెల్ల డబ్బాలను మాత్రం మాది తీసుకుంది.

షాపు పేరు రాయను, ప్రకాశం బజార్ చుట్టుపక్కల రెండు మూడు చోట్ల అడిగితే రేట్లలో తేడా మీకే తెలుస్తుంది. మేం కొన్న చోట ఓపికగా కోడ్, బేస్, బ్యాచ్ నంబర్లు బిల్లు వెనక రాసిచ్చాడు, రెండు డబ్బాలు ఒకే గదికి వెళ్తుంటే పెద్ద బకెట్‌లో కలిపి వాడమని కూడా చెప్పాడు. ఆ ఒక్క సలహాకు నా తరఫున ఐదుకు నాలుగు. ఒక మార్కు ఎందుకు తగ్గించానంటే, అతనూ మొదట అడిగింది ఏ కంపెనీ అనే.

గేటు మాత్రం ఇంకా అయిపోలేదు. నాన్నకు నలుపు కావాలి, మా ఆవిడకు కాఫీ రంగు, పంచాయితీ నడుస్తోంది. ప్రస్తుతానికి రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ మీదే నిలబడింది, అదొక్కటే వానకు ఆగదు కాబట్టి మళ్లీ ముసురు పట్టేలోపు ఏదో ఒకటి తేల్చాలి.