లొకేటర్ చూపే లోతు: ఆరేళ్ల వాడకం తర్వాత

భూమిలోని కేబుళ్ల జాడ పట్టే కేబుల్ లొకేటర్ ఆరేళ్లుగా నా దగ్గరుంది. దాని మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే: తెరపై అది చూపే లోతు అంకె. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను స్తంభాలను నేలకూల్చాక విశాఖలో చాలా వీధుల్లో కరెంటు తీగలు భూమిలోకి దిగాయి గనుక, ఫైబర్ గొట్టాల కోసం కందకాలు తవ్వించే నాలాంటి చిన్న కాంట్రాక్టరుకు ఇది లేనిదే పని మొదలుకాదు. కేబుల్ ఎటు పోతోందో చెప్పడంలో అది నన్నెప్పుడూ దారి తప్పించలేదు. నేను గీసిన సున్నపు గీతకు జానెడు దూరంలోనే కేబుల్ దొరికేది.

మహారాణిపేటలోని ఒక సందులో, సంకేతం పంపే ట్రాన్స్‌మిటర్‌ను కేబుల్‌కు నేరుగా కలిపే వీలు లేక, దాన్ని రోడ్డు మీదే ఉంచి ఇండక్షన్ పద్ధతిలో, అంటే కేబుల్‌ను తాకకుండా అయస్కాంత క్షేత్రం ద్వారా, 33 కిలోహెర్ట్జ్ సంకేతం పంపాను. ఆ సంకేతాన్ని నేల మీద నుంచి పసిగట్టే రిసీవర్ 1.35 మీటర్ల లోతు చూపింది. మొదటి రెండడుగులకు ఢోకా లేదనుకుని గునపం వేయమన్నాను. కాసేపటికే గుంతలోంచి కేక వినిపించింది: "ఏటి బాబూ, మీటరు పైన అన్నారు, మోకాలి లోతుకే ఇటుక తగిలీసింది!" కేబుల్ మీద రక్షణగా పరిచిన ఇటుక అంచు పగిలింది. దాని కింద ఇసుక, ఇసుకలో పక్కపక్కనే రెండు హెచ్‌టీ (అధిక వోల్టేజీ) కేబుళ్లు ఉన్నాయి. ఆ ఇటుకే లేకపోతే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ చేతులు చల్లబడతాయి.

నిజానికి యంత్రం చెడిపోలేదు. పైనా కిందా ఉన్న రెండు యాంటెన్నాలకు అందే అయస్కాంత క్షేత్రాన్ని పోల్చి, నేలలో ఒకే ఒక్క తీగ ఉందన్న నమ్మకంతో అది లోతు లెక్కగడుతుంది. ఇండక్షన్‌లో సంకేతం రెండు కేబుళ్లలోకీ ఎక్కి రెండు క్షేత్రాలూ కలిసిపోవడంతో, లోతు ఉన్నదానికంటే ఎక్కువగా కనబడింది. ఇంత సందేహానికి తావున్న అంకెను సెంటీమీటర్లతో సహా అంత ధీమాగా తెర మీద చూపడమే నా కోపానికి కారణం. అప్పటినుంచి రిసీవర్‌ను నేలకు అరమీటరు పైకెత్తి చూస్తున్నాను. లోతు కూడా సరిగ్గా అరమీటరు పెరగకపోతే ఆ అంకెను పుస్తకంలో రాయను. పీక్ (సంకేతం గరిష్ఠంగా ఉండేది) చూపే చోటు, నల్ (అది కనిష్ఠానికి పడిపోయేది) చూపే చోటు ఒకటి కాకపోయినా అంతే.

పైన జానెడు దూరమన్నానే, అది సంకేతం ఎక్కించే క్లాంప్‌ను చుట్టూ తగిలించగలిగిన ఒంటరి కేబుళ్ల మాట. పగటిపూట కరెంటు పారని వీధిదీపాల కేబుల్, పారే కరెంటునే పసిగట్టే పవర్ మోడ్‌లో మూగగా ఉంటుంది. ప్లాస్టిక్ నీటిగొట్టం అయితే, పక్కన జాడ తెలిపే లోహపు ట్రేసర్ తీగ వేసి ఉంటే తప్ప, లొకేటర్‌కు అసలు తెలియదు.

ఆ లోటు తీరుతుందని రెండేళ్లుగా జీపీఆర్‌ను, అంటే నేలలోకి రేడియో తరంగాలు పంపి తిరిగొచ్చే వాటితో కింద ఉన్నది చూపే రాడార్ బండిని, అద్దెకు తెస్తున్నాను. ఎండాకాలంలో మధురవాడ వైపు పొడి గరుసు నేలలో ప్లాస్టిక్ గొట్టం కూడా బోర్లించిన మూకుడులా తెర మీద స్పష్టంగా కనబడుతుంది. బీచ్ రోడ్డు దగ్గర మాత్రం ఉప్పు తేమ రేడియో తరంగాలను మింగేయడంతో అరమీటరు కింద అంతా బూడిదరంగే. అది చూపే లోతు కూడా మట్టిలో తరంగ వేగం ఇంత అని మనం ఇచ్చే అంచనా మీదే ఆధారపడుతుంది. పైగా బండి చక్రంలో ఇసుక చేరి ఒకసారి దూరం కొలతే తప్పింది.

మన్నిక విషయంలో లొకేటరే మేలు. రెండుసార్లు వానలో నానినా పనిచేసింది. సముద్రపు గాలికి బ్యాటరీ గది స్ప్రింగులు పచ్చబడితే గీకి తుడిచి వాడుతున్నాను, ట్రాన్స్‌మిటర్ వైరు మాత్రం ప్లగ్గు దగ్గర రెండుసార్లు తెగింది. లొకేటర్ సొంతం, జీపీఆర్ అద్దెది కావడం వల్ల నా తూకం కొంచెం ఒకవైపు మొగ్గి ఉండవచ్చు. నా పని మీటరున్నర లోతు దాటదు, నేను తవ్వే సందుల్లో లోహపు కేబుళ్లే ఎక్కువ; ప్లాస్టిక్ గొట్టాలు ఎక్కువగా ఉన్న కొత్త లేఅవుట్లలో పనిచేసేవారైతే ముందు జీపీఆర్‌నే అద్దెకు తెచ్చి, తమ నేల మీద ఒకపూట తిప్పి చూసుకోవడం మంచిది.